84 రెక్కల సీలింగు: పెదవాల్తేరు పని డైరీ

ఫిబ్రవరి 2

విశాఖ పెదవాల్తేరులో పెదనాన్న మేడ మీద హాలు కొలతలు తీసుకున్నాం. పొడవు 24 అడుగులు, వెడల్పు 16, స్లాబు ఎత్తు 11. రిటైరయ్యాక ఆయన దాన్ని రీడింగ్ రూమ్ చేశారు. గ్రూప్స్‌కీ బ్యాంకు పరీక్షలకీ చదివే పిల్లలు పొద్దున్న ఆరింటికే వచ్చేస్తారు. రాత్రి పదింటికి గేటు తాళం చప్పుడు వినపడితే గానీ లేవరు.

ఆ హాలుకి ఒకప్పుడు పీఓపీ సీలింగు ఉండేది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు సముద్రం వైపు కిటికీ పగిలింది. లోపలికి దూరిన గాలి సీలింగు మొత్తాన్ని పెంకులు పెంకులుగా కిందికి దించేసింది. పన్నెండేళ్ళ పాటు మళ్ళీ సీలింగు మాట ఎత్తనివ్వలేదు ఆయన. ఇప్పుడు ట్యూబులైట్ల వెలుగు కళ్ళలో కొడుతోందని పిల్లలు గొడవ చేస్తుంటే దారికొచ్చారు. మూడు షరతులు పెట్టారు: ఏదీ పిల్లల నెత్తిన పడకూడదు, ఫ్యాన్లు తియ్యకూడదు, చప్పుడు ఉండకూడదు. మొదటి రెండూ నోట్‌బుక్కులో రాసుకున్నాను. మూడోది రాసుకోలేదు. అది కూడా ఒక షరతేనా అనుకున్నాను.

మనసులో ఉన్నది అల కాదు. ఆర్కే బీచ్ పక్కన ఉంటూ మళ్ళీ అల బొమ్మ పెట్టడం నాకు నచ్చదు, ఊళ్ళో సగం హోటళ్ళ లాబీల్లో అదే ఉంది. నాకు కావల్సింది తాటాకు పందిరి. పెళ్ళింట్లో పందిరి కింద చాప మీద పడుకుని పైకి చూస్తే, ఆకు ఒకటి కదిలి ఎండ చుక్క ఒకటి పొట్ట మీదికి జారుతుంది కదా, అది. కింద మనుషులు ఎలా ఉన్నారో గమనించుకుని మెల్లగా కదిలే పందిరి. నేను ఇంటీరియర్ పని చేస్తాను, తమ్ముడు సాఫ్ట్‌వేరు. ఫాల్స్ సీలింగ్ మేస్త్రీ ఒకాయన ఎప్పట్నుంచో నాతో పని చేస్తున్నాడు. ఇంతే టీము.

ఫిబ్రవరి 15

తమ్ముడు బొమ్మలు గీసే ఏఐతో రెండు వందల సీలింగులు గీయించి తెచ్చాడు. కళ్ళు చెదిరిపోయాయి. మేస్త్రీ ఒక్కొక్కటీ ఫోన్లో జరుపుతూ చూసి, "బాగున్నాయమ్మా, వీటిని దేనికి కడతాం?" అన్నాడు. నిజమే. ఒక్క బొమ్మలోనూ హుక్కు లేదు, రాడ్డు లేదు, వైరు దిగే దారి లేదు.

పక్కన పెట్టేసి మామూలు దారిలో వెళ్ళాం. పందిట్లో తాటాకుకి బదులు సీలింగు నుంచి వేలాడేది రెక్క. దాని ఆకారాన్ని ఐదు అంకెల్లో పెట్టాం: పొడవు, వెడల్పు, మెలిక, వంపు, వేలాడే కోణం. ఆ ఐదూ మార్చి మార్చి గ్రాస్‌హాపర్ అనే డిజైన్ సాఫ్ట్‌వేరులో రెండు వేల సీలింగులు తయారుచేసి, ఒక్కోదానికీ కింద బల్ల మీద ఎంత వెలుగు పడుతుందో లైటింగ్ సిమ్యులేషన్ నడిపాం. ఒక్కోటి 40 సెకన్లు, మొత్తం 22 గంటలు పైనే. తమ్ముడి లాప్‌టాప్ కింద రెండు ఇటుకలు పెట్టి ఫ్యాన్ దానికేసి తిప్పి పడుకున్నాం.

మార్చి 1

ఆ రెండు వేల జవాబుల మీద చిన్న న్యూరల్ నెట్‌వర్క్‌కి, అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రాముకి, శిక్షణ ఇచ్చాం. ఇప్పుడు 40 సెకన్ల పని రెప్పపాటులో చెప్పేస్తుంది, కాబట్టి లక్షల ఆకారాలు వెతకొచ్చు. వెతికాం. అది గర్వంగా ఒకటి తెచ్చి ఇచ్చింది: బల్ల మీద 410 లక్స్ వెలుగు. అసలు సిమ్యులేషన్‌లో పెట్టి చూస్తే 260. మేం పెట్టుకున్న గీత 300.

ఏం జరిగిందంటే, వెతికే ప్రోగ్రాము నెట్‌వర్క్‌కి తెలియని మూలకి వెళ్ళి కూర్చుంది. శిక్షణలో అంత మెలిక ఉన్న రెక్క ఒక్కటీ లేదు. తెలియనిచోట నెట్‌వర్క్ "తెలియదు" అనదు, ఏదో ఒక అంకె చెప్పేస్తుంది. వెతికేవాడికి కావల్సిందీ సరిగ్గా అదే. అప్పట్నుంచి ప్రతి వందో అభ్యర్థినీ అసలు సిమ్యులేషన్‌కి పంపి, తప్పిన వాటిని మళ్ళీ శిక్షణలో కలుపుతూ పోయాం. నాలుగు చుట్లకి దారిలోకి వచ్చింది.

చివరికి తేలిన రెక్క: 70 సెం.మీ. పొడవు, వెడల్పు కొస 44, మరో కొస సన్నం, కొంచెం మెలిక. వరసకి 16, ఆరు వరసలు, మొత్తం 96. పెదనాన్న ఫ్యాన్లు రెండు తలా ఆరు రెక్కల చోటు తినేశాయి. 84.

మార్చి 9

గాజువాక ఆటోనగర్‌లో తెలిసినాయన వెల్డింగ్ షెడ్డులో ఒక పాత ఆరు కీళ్ళ రోబో చెయ్యి ఉంది. పగలు వెల్డింగ్ చేస్తుంది, సాయంత్రం ఆరు తర్వాత ఖాళీ. గంటకి ఇంత అని మాట్లాడుకున్నాం. జ్యూరిక్‌లో ఈటీహెచ్ యూనివర్సిటీ వాళ్ళు ఒక భవనం కప్పు కోసం 48,624 చెక్క పట్టీలని రోబో చేత పేర్పించారని చెబితే, షెడ్డాయన టీ గ్లాసు కింద పెట్టి, "మనవెన్ని?" అన్నాడు. 42 కోతలు అన్నాను. "ఓస్" అన్నాడు.

42 ఎందుకంటే: రోబో చేతికి టార్చి తీసేసి 80 సెం.మీ. విల్లు బిగించాం, విల్లుకి నైక్రోమ్ తీగ. తీగ ఎర్రబడకుండా వేడెక్కితే చాలు, థర్మాకోలు బ్లాకులోంచి వెన్నలో దారంలా వెళ్ళిపోతుంది. ఒక్క కోతకి బ్లాకు రెండు ముక్కలవుతుంది, ఒకటి గుంటగా, ఒకటి ఉబ్బుగా. రెండూ అచ్చులే. అంటే రెక్కలు కవలలుగా పుడితే సగం కోతలు మిగులుతాయి. ఒక ఇబ్బంది, తీగ వంపులేని తిన్నటి గీత కాబట్టి ఆ గీత జరిగితే ఏర్పడే ఆకారాలే వస్తాయి. గిన్నెలా అన్ని వైపులా ఉబ్బినది రాదు. మెలిక వస్తుంది. మాకు కావల్సింది మెలికే.

మొదటి రోజే విల్లు విరిగింది. రోబోకి మణికట్టు దగ్గర ఒక గుడ్డి స్థానం ఉంటుంది. ఐదో కీలు నిటారుగా వచ్చినప్పుడు నాలుగో కీలూ ఆరో కీలూ ఒకే గీత మీద పడతాయి, ఏది ఎంత తిరగాలో లెక్క తెగదు. స్క్రీను మీద మెల్లగా సాగుతున్న దారి నిజంలో అక్కడికి వచ్చేసరికి మణికట్టు గిర్రున తిరిగింది. విల్లు వెళ్ళి బల్లని కొట్టింది. ఎర్ర బటన్ మీద చెయ్యి వేసుకుని నిలబడింది నేనే, అయినా నొక్కేసరికి అయిపోయింది. బల్లని 20 డిగ్రీలు వాల్చి పెడితే ఆ స్థానం దారిలోకి రాలేదు. అంతటితో తీరింది. విల్లు మాత్రం మళ్ళీ చేయించాలి.

మార్చి 21

రెక్కల మొన మొద్దుగా వస్తోంది.

ఎందుకో పట్టుకోవడానికి రెండు రోజులు. మూల తిరిగేచోట రోబో నెమ్మదిస్తుంది. నెమ్మదిస్తే తీగ అక్కడే ఎక్కువసేపు ఉండి చుట్టూ ఎక్కువ కరిగిస్తుంది. తిన్నగా వెళ్ళేచోట 2 మి.మీ. కరిగేది మొన దగ్గర 6 మి.మీ. కరుగుతోంది. పైగా షెడ్డులో పెద్ద ఫ్యాన్ ఉంది, గాలి తగిలితే తీగ చల్లబడి ఇంకో అంకె. థర్మాకోలు డెన్సిటీ మారితే ఇంకో అంకె.

వేగం, కరెంటు, డెన్సిటీ మార్చుకుంటూ 46 పరీక్ష కోతలు కోసి ఒక్కొక్కటీ కాలిపర్‌తో కొలిచాం. వాటి మీద గాసియన్ ప్రాసెస్ మోడల్ ఒకటి పెట్టాడు తమ్ముడు. ఇంత తక్కువ డేటాకి అదే నప్పుతుంది, పైగా ఎక్కడ తనకి నమ్మకం లేదో కూడా చెబుతుంది, మొన్నటి నెట్‌వర్క్‌లా కాదు. మోడల్ చెప్పిన మేరకి కోత దారిని బయటికి జరిపాం, ఫ్యాన్ కట్టేశాం. మొన తేడా ఒక మి.మీ. లోపలికి వచ్చింది. వినేవాళ్ళకి మెషీన్ లెర్నింగ్ అని చెప్పుకుంటాం గానీ ఇందులో తొంభై పాళ్ళు కాలిపర్ పని. నా కుడి బొటనవేలు ఇంకా నొప్పిగానే ఉంది.

మార్చి 30

థర్మాకోలు హాల్లో పెట్టకూడదు, అంటుకుంటే ఆగదు. అది అచ్చు మాత్రమే. రెక్క ఫైబర్‌గ్లాసుది. పలచగా వేస్తే వెలుగుని కొబ్బరి లేత మీగడలా లోపలికి రానిస్తుంది.

ఫిషింగ్ హార్బర్ దగ్గర ఫైబర్ తెప్పలకి అతుకులు వేసే తాత ఒకాయన్ని అడిగి గాజు పీచు మ్యాటూ, రెజిన్, అది గట్టిపడటానికి హార్డెనర్ కొనిపించుకున్నాను. ఎలా వెయ్యాలో ఆయన్ని అడగలేదు. వీడియోలు చూశాను కదా అని ధీమా. అచ్చు మీద మ్యాటు పరిచి బ్రష్షుతో రెజిన్ అద్దాను. రెండు నిమిషాలకి మధ్యలో చిన్న గుంట పడింది. ఐదు నిమిషాలకి అచ్చు లేదు. జిగురు మడుగులో గాజు పీచు మునిగి ఉంది, థర్మాకోలు పూసలు అంచున చుర్రుమంటూ కరుగుతున్నాయి.

ఫోటో తీసుకెళ్ళి చూపిస్తే తాత నవ్వు ఆపుకోలేదు. "ఏటమ్మా, థర్మాకోలు మీద ఈ రెజిన్ ఏస్తారేటి? తినేస్తాది." పాలియెస్టర్ రెజిన్‌లో స్టైరీన్ ఉంటుంది, థర్మాకోలు కూడా స్టైరీన్‌తో తయారైనదే, ఒకటి రెండోదాన్ని కరిగించేస్తుంది. ఎపాక్సీ అయితే తినదు గానీ ధర ఎక్కువ. తాత చెప్పిన ఉపాయం: పార్సిళ్ళకి అంటించే బ్రౌన్ టేపు అచ్చు మీద ముడతల్లేకుండా పరిచి, దాని మీద వెయ్యడం. రెజిన్ టేపుకి అంటుకోదు, లోపలికీ దిగదు. పనిచేసింది. అచ్చుకి అరగంట టేపు పని, 84 అచ్చులు.

ఏప్రిల్ 12

31 రెక్కలు అయ్యాయి. గ్రైండింగ్ దుమ్ము ఒంటికి తగిలితే దురదగొండి ఆకు రాసుకున్నట్టే. మాస్కు, పొడుగు చేతులు, చల్లనీళ్ళ స్నానం.

ఒక్కో రెక్క 200 గ్రాములు. వెడల్పు కొసన మడతబందు పెడదామనుకున్నాం. బరువు కేంద్రం అక్కడికి 28 సెం.మీ. దూరంలో ఉంది, అంటే 5.6 కేజీ-సెంటీమీటర్ల బలం కావాలి. మేం కొన్నది చిన్న మెటల్ గేర్ సర్వో, చెప్పిన కోణానికి తిరిగి అక్కడ నిలిచే మోటారు. అది 2 ఇస్తే గొప్ప. పెద్ద మోటార్లు పెడితే కరెంటు, బరువు, ఖర్చు అన్నీ పెరుగుతాయి. మడతబందుని 22 సెం.మీ. లోపలికి జరిపాం. ఇప్పుడు దూరం 6 సెం.మీ., బలం 1.2. వెనక కొసన 12 సెం.మీ. దూరంలో 100 గ్రాముల బరువు వేలాడదీస్తే రెక్క తక్కెడలా సమంగా నిలబడిపోతుంది. బరువు కోసం మళ్ళీ హార్బరే: వలకి కట్టే సీసపు గుళ్ళు. తాత దగ్గరే దొరికాయి, తూకం వేసి ఇచ్చాడు.

అక్షయ తదియ

సింహాచలం చందనోత్సవం. మేస్త్రీ, అతని కుర్రాళ్ళు ముందు రోజు రాత్రే లైన్లో నిలబడ్డారు. పని లేదు.

మే 6

సీలింగుకి కళ్ళు పెట్టే పని మొదలైంది. కెమెరా వద్దని ముందే అనుకున్నాం. నెత్తి మీద కెమెరా ఉందని తెలిస్తే ఏ ఆడపిల్లా ప్రశాంతంగా చదువుకోదు, నేనైతే ఆ హాలుకే రాను.

మొదట థర్మల్ సెన్సార్, 8 అడ్డం 8 నిలువు, 64 చుక్కలు. చలికాలంలో తమ్ముడు ఇంట్లో పరీక్షించినప్పుడు మనిషి ఎర్రటి ముద్దలా కనపడ్డాడు. ఇవాళ మధ్యాహ్నం హాల్లో బిగించి చూస్తే మనిషే లేడు. నేల 32 డిగ్రీలు, జుట్టూ చొక్కా పైభాగం 33, సెన్సార్ పొరపాటు రెండున్నర డిగ్రీల దాకా ఉంటుంది. పదిహేడు మంది కూర్చుని చదువుతున్న హాలు స్క్రీను మీద ఖాళీ. ఒకమ్మాయి ఐస్ వేసిన నిమ్మసోడా తెచ్చుకుంది, అది మాత్రం నల్ల చుక్కలా స్పష్టంగా కనపడింది.

ఈ సెన్సార్ డేటా షీట్లు రాసినవాళ్ళెవరూ విశాఖలో మే నెల గడపలేదని నా నమ్మకం.

మే 18

థర్మల్ తీసేసి దూరం కొలిచేవి పెట్టాం. కనపడని లేజరు వెలుగు వదిలి అది తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం చెప్పే రకం. ఇదీ 64 చుక్కలే, నాలుగు మీటర్ల దాకా చూస్తుంది, సెకనుకి 15 సార్లు. ఆరు పెట్టాం. నేల మొత్తం కప్పేస్తుంది గానీ తల ఎత్తున చూపు సన్నబడి మధ్య మధ్య ఖాళీలు మిగులుతాయి. సర్దుకున్నాం.

ఫ్యాన్ రెక్కలు అడ్డం వస్తాయని భయపడ్డాను. ఫ్యాన్లు తీసేసి గోడకి పెడదామా అని పెదనాన్నని కదిపితే, "ఫ్యాన్ తీసేస్తే పిల్లలు నన్ను తీసేస్తారు" అన్నారు. అదృష్టం, ఈ సెన్సార్ ఒక్కో చుక్కలో నాలుగు దూరాల దాకా విడివిడిగా చెప్పగలదు. ఫ్యాన్ రెక్క స్లాబు నుంచి 60 సెం.మీ.లో ఉంటుంది, నిలబడ్డ మనిషి తల మీటరున్నర కింద. 90 సెం.మీ. కన్నా దగ్గరగా కనపడినదాన్ని లెక్కలోకి తీసుకోవద్దని ఒక్క లైను రాస్తే సరిపోయింది.

మే 31

రెక్కలన్నీ ఎక్కాయి. పగలు పిల్లలుంటారు, అంతా రాత్రి పదిన్నర తర్వాత పనే. మెయిన్ చానెళ్ళని యాంకర్ బోల్టులతో స్లాబుకే బిగించాడు మేస్త్రీ. రెక్క రెక్కకీ విడిగా సన్నటి స్టీలు తీగ, మడతబందు ఊడినా రెక్క కిందికి రాదు. ఒకదాని మడతబందు ఊడదీసి పెదనాన్న ముందు వదిలేశాం. జానెడు జారి ఆగింది. ఆయన తల ఊపారు.

రాత్రి ఒంటిగంటకి 84 మోటార్లనీ ఒకేసారి కదిపాం. చివరి వరస వణికింది, మధ్యలో కంప్యూటర్ బోర్డు ఆగిపోయి మళ్ళీ మొదలైంది. సప్లై దగ్గర 5 వోల్టులు, చివరి వరసలో కొలిస్తే రెండున్నర. అర చదరపు మి.మీ. వైరు తొమ్మిది మీటర్లు లాగాం, రానూపోనూ 18 మీటర్లు, 4 ఆంపియర్లు. సగం వోల్టేజి వైరే తినేసింది. 2.5 చదరపు మి.మీ. వైరు వేస్తే తరుగు అర వోల్టుకి వచ్చింది. కంప్యూటర్ బోర్డులకి వేరే సప్లై పెట్టాం. ఇది ఏ ఎలక్ట్రీషియన్‌ని అడిగినా మొదటి నిమిషంలో చెప్పేవాడు.

వరసకో చిన్న ఈఎస్‌పీ32 కంప్యూటర్ బోర్డు, వాటి మధ్య దూరాలకి సిగ్నల్ మోసే ఆర్ఎస్-485 తీగ. మొదట ఒకే బోర్డు నుంచి ఐ2సీ తీగలు లాగాం. అది రెండు చిప్పులు పక్కపక్కన మాట్లాడుకోవడానికి పుట్టిన పద్ధతి, ఏడు మీటర్ల హాలు దాటలేదు.

జూన్ 8

మొదటి పగలు. మనిషి నడిస్తే పైన రెక్కలు దారి ఇస్తున్నట్టు లేచాయి. అందరూ పుస్తకాలు మూసి వీడియోలు తీశారు. నేనూ తీశాను.

మధ్యాహ్నానికి ఎవరూ పైకి చూడటం లేదు. నాలుగింటికి ఒకబ్బాయి చెవుల్లో దూది పెట్టుకున్నాడు. ఫోన్లో కొలిస్తే మామూలుగా 38 డెసిబెల్స్ ఉండే హాలు, రెక్కలు కదిలితే 52. ఆగి ఉన్నప్పుడు కూడా గుయ్యిమనే రొద. సర్వో మోటారు ఆగి ఉన్నా ఊరుకోదు, తన స్థానం వెంట్రుకవాసి జరిగినా సర్దుకుంటూ ఉంటుంది. 84 కలిస్తే తేనెపట్టే.

"సీలింగు వేశావా, కందిరీగల్ని పెంచుతున్నావా?" అన్నారు పెదనాన్న. నోట్‌బుక్కులో మూడో షరతు ఇవాళ రాసుకున్నాను.

జూన్ 16

చప్పుడు లేని కదలిక అంటే గుర్తొచ్చింది, కెనడా శిల్పి ఫిలిప్ బీస్లీ. 2010లో వెనిస్ బినాలే అనే వాస్తుకళా ప్రదర్శనలో, కెనడా పెవిలియన్‌లో, మనుషులు దగ్గరికి వస్తే ఊపిరి తీసినట్టు కదిలే పందిరి ఒకటి పెట్టాడు. అందులో ఆకుల్లాంటివి కదిలింది మోటార్లతో కాదు, వేడెక్కితే కుంచించుకునే నిటినాల్ తీగలతో. చప్పుడే ఉండదు.

ఒక రెక్కకి కట్టి చూశాం. కుంచించుకోవడం నూటికి నాలుగు పాళ్ళే, కాబట్టి పొడుగు తీగ కావాలి. అదీ ఫర్వాలేదు. మళ్ళీ సాగాలంటే చల్లబడాలి కదా. జూన్ ఉక్కపోతలో, పైన, ఎల్‌ఈడీ పట్టీల పక్కన, ఎప్పటికి చల్లబడుతుంది? ఒకసారి లేచిన రెక్క దిగేలోపు నేను వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టుకుని వచ్చాను. బాధగానే ఉంది గానీ వదిలేశాం.

జూన్ 28

మోటార్లతోనే కుస్తీ. రెక్క నిలిచాక మోటారుకి సిగ్నల్ కట్ చేస్తే? సీసపు గుళ్ళతో తూకం కుదిరి ఉంది కాబట్టి గేర్ల ఒరిపిడికే ఆగిపోయింది. గుయ్యిమనడం ఆ క్షణమే పోయింది. ఏప్రిల్లో మోటారు డబ్బులు మిగల్చడానికి చేసిన పని ఇప్పుడు ఇలా అక్కరకొచ్చింది.

కదిలేటప్పటి చప్పుడు తగ్గాలంటే నెమ్మదిగా తిప్పాలి. నెమ్మదిగా తిప్పితే టిక్కు టిక్కుమని మెట్లు మెట్లుగా కదులుతోంది. మోటార్లకి సిగ్నల్ ఇచ్చే డ్రైవర్ చిప్పు 20 మిల్లీసెకన్లని 4,096 ముక్కలు చేస్తుంది. ముక్కకి దాదాపు 4.9 మైక్రోసెకన్లు, మోటారు దగ్గర అది అర డిగ్రీకి కాస్త తక్కువ. మడతబందు నుంచి మొనకి 48 సెం.మీ. ఉంది, అంటే ఒక్కో మెట్టుకీ మొన నాలుగు మి.మీ. ఎగురుతుంది. పందిరి అలా ఎగరదు.

మోటారు చేతిని రెక్కకి నేరుగా కాకుండా ఒకటికి నాలుగు మీటతో, దారంతో కట్టాం. మోటారు 80 డిగ్రీలు తిరిగితే రెక్క 20. మెట్టు ఒక మి.మీ.కి దిగింది, కంటికి ఆనదు. దారం లాగగలదే గానీ తొయ్యలేదు, కాబట్టి వెనక బరువులోంచి పది గ్రాములు తీసేశాం, రెక్క తనంతట తనే దిగుతుంది. మొదట గాలానికి కట్టే నైలాన్ తీగ వాడాం. వారంలో తేమ పీల్చి సాగి రెక్కలన్నీ తలో ఎత్తున నిలబడ్డాయి. అల్లిన పాలిథిన్ దారం వేశాక నిలకడ వచ్చింది. 84 ముడులు విప్పి 84 ముడులు వెయ్యడం గురించి ఇక్కడ రాయను.

ఇప్పుడు కదిలేటప్పుడు 41 డెసిబెల్స్.

జూలై 11

కింద మనిషి కూర్చున్నాడా, నడుస్తున్నాడా, నిలబడి పైకి చూస్తున్నాడా చెప్పే మోడల్. పదకొండు సాయంత్రాల రికార్డింగుకి నేనే కూర్చుని లేబుళ్ళు పెట్టాను. తమ్ముడు మొదట నూటికి 97 అన్నాడు. నాకు అనుమానం వేసింది. సెకనుకి 15 ఫ్రేములు, పక్కపక్క ఫ్రేములు దాదాపు ఒకటే. వాటిని కలిపేసి సగం శిక్షణకీ సగం పరీక్షకీ ఇస్తే, ప్రశ్నపత్రం ముందే చూసినట్టే కదా. రోజుల వారీగా విడదీసి, ఎనిమిది రోజులు నేర్పి మూడు రోజులు పరీక్ష పెడితే 71.

తప్పులు తీసి చూస్తే సగం మూలనున్న ప్లాస్టిక్ కుర్చీల దొంతర వల్లే. ఎనిమిది కుర్చీలు పేరిస్తే కూర్చున్న మనిషంత ఎత్తు, ఇంచు కూడా కదలదు. మోడల్ దృష్టిలో హాల్లో అందరికన్నా శ్రద్ధగా చదివేది ఆ దొంతరే. ఒక్క ఫ్రేము కాకుండా పది సెకన్ల ముక్క చూపించడం మొదలుపెట్టాక తేడా పట్టుకుంది. మనిషి ఎంత కదలకుండా కూర్చున్నా పది సెకన్లలో ఎక్కడో అక్కడ కదులుతాడు. ఇప్పుడు 86. మాకు చాలు.

ఆగస్టు 17

ఎప్పుడు కదలాలి, ఎంత కదలాలి అన్నది మేం రాయకుండా పిల్లల దగ్గరే నేర్చుకోమన్నాం. రెండు తలుపుల దగ్గరా బటన్ డబ్బాలు, పచ్చది "బాగుంది", ఎర్రది "చాలు". ఏ స్థితిలో ఏ కదలికకి ఏది నొక్కారో చూసుకుని మోడల్ తన ఎంపిక మార్చుకుంటుంది.

మొదటి రోజు ఎవడో ఎర్రది నిమిషంలో 31 సార్లు నొక్కాడు. ఒకరిది ఐదు నిమిషాలకి ఒక్కసారే లెక్క అని మార్చాం.

మూడు వారాలు గడిచాయి. కదలికలు రోజురోజుకీ తగ్గుతూ వచ్చాయి. మొన్న 9. నిన్న 2. ఇవాళ పొద్దున్నుంచి సున్నా. వైరు ఊడిందేమోనని నిచ్చెన ఎక్కాను, అన్నీ బాగానే ఉన్నాయి. లాగ్ తీస్తే తెలిసింది. కదిలితే ఎప్పుడో ఒకప్పుడు ఎర్రది పడుతోంది. కదలకపోతే ఎవరూ ఏదీ నొక్కరు. ఊరికే ఉండటమే లాభమని లెక్క కట్టుకుంది.

తమ్ముడు తలపట్టుకున్నాడు, ఆరు నెలల పని సరుగుడు కట్టెలా నిలబడిందని. పెదనాన్న పడక కుర్చీలోంచే, "అది నేర్చుకున్నది తప్పేమీ కాదురా" అన్నారు. ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. నేను లాగ్‌లో పచ్చ బటన్లు మాత్రం ఏరి చూశాను. మొత్తం 63. వాటిలో 40 పైన మూడు వేళల్లోనే ఉన్నాయి: పొద్దున్న మొదటివాళ్ళు లైటు వేసినప్పుడు, ఒంటిగంటకి అందరూ క్యారియర్లకి లేచినప్పుడు, రాత్రి మూసేటప్పుడు. మనుషులు చదువు నుంచి బయటికి వచ్చే క్షణాలు అవి.

మోడల్‌కి మళ్ళీ హద్దులు గీశాం. హాల్లో సగం కన్నా ఎక్కువ మంది కూర్చుని ఉంటే ఏ రెక్కా కదలదు. లేచేవాళ్ళు కూర్చున్నవాళ్ళని మించినప్పుడు, లేదా ఒక్కరే ఉండి తలెత్తి పైకి చూసినప్పుడు, అప్పుడు మాత్రం తన ఇష్టం. ఆ కొద్ది సమయంలో ఎలా కదలాలన్నది నేర్చుకుంటూ పోతుంది.

ఆగస్టు 30

ఉప్పు. సముద్రం వైపు వరసలో మూడు కనెక్టర్లు పచ్చబడ్డాయి. జీఐ స్క్రూల తలలకి తుప్పు. స్క్రూలన్నీ 316 స్టెయిన్‌లెస్‌కి మార్చాలని మేస్త్రీకి చెప్పాను, 304 కూడా ఇక్కడ మచ్చలు పడుతుంది. బోర్డులకి పూత వేయించేదాకా టంకం వేసినచోటల్లా నెయిల్ పాలిష్ పూశాను. రంగులేనిది అయిపోయింది, ఆరో వరస గులాబీ.

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా 84 మోటార్లూ ఒక్కసారి ఉలిక్కిపడుతున్నాయి. వరసకో రిలే పెట్టి రెండేసి సెకన్ల తేడాతో కరెంటు అందిస్తున్నాం.

సెప్టెంబరు 14

అక్టోబరు గాలులకి ముందు ఒకసారి ప్రతి బోల్టూ చేత్తో తిప్పి చూశాం. 37వ రెక్క మడతబందు కిర్రుమంటోంది, మార్చాం.

దిగుతూ తలుపు దగ్గర రిజిస్టరు తిరగేశాను. సూచనల కాలమ్‌లో మంచినీళ్ళ ఫిల్టరు, బాత్రూము గడియ, వైఫై, మళ్ళీ వైఫై. సీలింగు మీద ఒక్కటే ఉంది, పెన్సిల్‌తో: "పై రెక్కలు ఈ రోజు కదిలాయా?" దాని కింద ఇంకెవరో నీలం పెన్నుతో రాశారు: "ఒంటిగంటకి. నువ్వు నిద్రపోయావు."